గుమ్మానికో చిరునామా

ఒకే యజమానికి నాలుగు ఊళ్లలో నాలుగు దుకాణాలుంటే, పటం మీద కూడా అవి నాలుగు వేర్వేరు దుకాణాలే. ఫోనులో వెతికే మనిషికి యజమాని ఎవరన్నది పట్టదు. దగ్గర్లో ఏముంది, ఇప్పుడు తెరిచి ఉందా, వెళ్లొచ్చినవాళ్లు ఏమంటున్నారు అన్నవే అతనికి కావాలి. ఈ ప్రశ్నలకు జవాబిచ్చే నమోదును లిస్టింగ్ అంటారు. 1996లో మొదలైన జస్ట్‌డయల్ ఆ జవాబును ఫోనులో మనిషి గొంతుతో చెప్పించింది. 2005లో వచ్చిన గూగుల్ మ్యాప్స్ దాన్ని పటం మీదికి ఎక్కించింది. దుకాణదారు తన వివరాలు తానే దిద్దుకునే సదుపాయానికి 2014లో గూగుల్ మై బిజినెస్ అని పేరు పెట్టారు. 2021 నుంచి అది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. దీనికి రుసుము లేదు. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ దుకాణం పటంలోంచి పోతుంది’ అనే ఫోనులన్నీ మోసమే.

వెతికినప్పుడు ఏ దుకాణం ముందు కనబడాలన్నదానికి గూగుల్ చెప్పే ఆధారాలు మూడు: అడిగినదానికి ఆ దుకాణం ఎంత తగినది, అడిగిన మనిషికి ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. ప్రకటనల చోటు వేరు. మామూలు వరుసలో డబ్బు కట్టి ముందుకు జరగడం కుదరదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వ్యాపార కుటుంబాల్లో దీని మీద రెండు పక్షాలు వినిపిస్తాయి. గల్లాపెట్టె దగ్గర జీవితం గడిపిన తరానిది ఒక పక్షం, చదువుకుని వచ్చి బ్రాంచీల లెక్కలు చూస్తున్న తరానిది రెండోది. ఈ సంవాదంలో మొదటి పక్షం మావయ్యది, రెండోది మేనల్లుడిది. ఇద్దరూ ఊహించుకున్న మనుషులే. వాళ్లది బట్టల వ్యాపారం. శ్రీకాకుళం, విజయనగరం, రాజాం, పలాసల్లో దుకాణాలున్నాయి.

మావయ్య: శ్రీకాకుళం దుకాణం ఒకటి పెట్టేం గదా అందులో. ఏడు రోడ్ల జంక్షన్‌లో మన బోర్డు చూడనోడు ఎవడున్నాడు? మిగతా మూడింటికీ అదే పేరు. దాని కిందే నాలుగు ఫోను నంబర్లు రాసిస్తే సరిపోతాది.

మేనల్లుడు: పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో నిలబడి ‘దగ్గర్లో పట్టుచీరలు’ అని వెతికితే, డెబ్బై కిలోమీటర్లు దాటి ఉన్న శ్రీకాకుళం దుకాణం కనబడదు మావయ్యా. పలాస దుకాణానికి సొంత లిస్టింగ్ లేకపోతే ఆ మనిషి లెక్కలో మనకక్కడ దుకాణమే లేదు. కనబడినా ఇంకో చిక్కుంది. నాలుగు నంబర్లలో పలాస నంబరేదో తెలియక మొదటిదానికి ఫోను చేస్తారు. శ్రీకాకుళంలో ఎత్తిన కుర్రాడికి పలాసలో ఏ సరుకుందో ఏం తెలుసు?

ఇక్కడ నియమం మేనల్లుడి వైపే ఉంది. కొనేవాళ్లు నేరుగా వచ్చే ప్రతి చోటుకూ ఒక ప్రొఫైల్ ఉండాలి, ఒకటే ఉండాలి. సరుకు దాచే గోడౌనుకు అక్కర్లేదు. పేరు కూడా బోర్డు మీద ఉన్నదే రాయాలి. బోర్డు మీద లేని ‘పట్టుచీరలు’, ‘నంబర్ వన్’, ‘తక్కువ ధర’ లాంటి మాటలు పేరుకు తగిలిస్తే వరుసలో ముందుకొస్తామనే ఆశతో చాలామంది ఆ పని చేస్తున్నారు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ పేరును దిద్దేస్తారు, ఒక్కోసారి ప్రొఫైల్‌నే నిలిపేస్తారు.

పేరు తరవాతది చిరునామా. ఈ రెండు జిల్లాల్లో అసలు తిప్పలన్నీ ఇందులోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. తపాలా పిన్‌కోడ్లు మాత్రం మారలేదు. రాజాం పిన్‌కోడు ఇప్పటికీ శ్రీకాకుళం వరస అయిన 532తోనే మొదలవుతుంది. అందుచేత ఒకే దుకాణానికి ఒకచోట శ్రీకాకుళం జిల్లా అని, మరోచోట విజయనగరం జిల్లా అని రాసి ఉండడం అక్కడ వింతేమీ కాదు. రాజాం పేరును ఇంగ్లీషులో ‘జె’తో రాసేవాళ్లున్నారు, ‘జెడ్’తో రాసేవాళ్లున్నారు. ఇచ్ఛాపురానికైతే మూడు రకాల స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి.

ఒకే పేరున్న ఊళ్ల గొడవ ఇంకొకటి. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు కూడా శ్రీకాకుళమే. విజయనగరం అని కొట్టబోయి ఒక్క అక్షరం తప్పితే బెంగళూరు విజయనగర్ ప్రత్యక్షమవుతుంది. శ్రీకాకుళం రోడ్డు రైల్వేస్టేషను శ్రీకాకుళంలో లేదు, పది కిలోమీటర్లు దాటి ఆమదాలవలసలో ఉంది. పలాస, కాశీబుగ్గ కలిసి ఒకే మునిసిపాలిటీ. రైలు దిగేవాడికి అది పలాస, బస్సు దిగేవాడికి కాశీబుగ్గ. ఏ పేరు రాసినా సగం మందికి అది పక్క ఊరే.

మావయ్య: అదే నేనంటున్నాను. ఇక్కడ డోర్ నంబరు ఎవడు చెప్తాడు? డే అండ్ నైట్ జంక్షన్ దాటీసి, సూర్యమహల్ పక్కసందు, మూడు లాంతర్ల ఎదురుగా, ఇలాగే కాదేటి దారి చెప్పుకునేది? నీ పటానికి ఇవన్నీ అర్థమవుతాయా?

మేనల్లుడు: అందుకే రాసే చిరునామా కంటే పటం మీద గుచ్చే పిన్ను ముఖ్యం మావయ్యా. చిరునామా టైపు చేసి వదిలేస్తే అది పిన్నును వీధి మధ్యలోనో, ఊరి మధ్యలోనో పడేస్తుంది. దాన్ని వేలితో జరిపి మన గుమ్మం మీద పెట్టాలి. నాలుగు దుకాణాల ముందూ నిలబడి నాలుగుసార్లు చేయాల్సిన పని. శ్రీకాకుళంలో కూర్చుని పలాస పిన్ను పెడితే ఎక్కడ పడుతుందో మనకు తెలీదు.

మావయ్య చెప్పిన గుర్తులు వృథా కావు. దుకాణం వివరణలోనూ ఫోటోల్లోనూ వాటికి చోటుంది. ఎదురుగా ఉన్న కూడలి కనబడేలా తీసిన ముఖద్వారం ఫోటో వంద మాటల పని చేస్తుంది. ఇంటి నంబర్ల గందరగోళానికి ప్రభుత్వం తరఫున తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి పది అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఇచ్చారు. రూపకల్పనలో ఐఐటీ హైదరాబాదు, ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్నాయి. కొరియరు కుర్రాళ్లకు ఇది పనికొచ్చేదే. చీర కొనడానికి వచ్చేవాళ్లు మాత్రం ఇప్పట్లో దీన్ని అడగరు.

వేళల సంగతికి వస్తే, నాలుగు బ్రాంచీలకూ ఒకే పట్టిక అంటించేయడం అందరూ చేసే పొరపాటు. దసరా తరవాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారిలో ఉన్న దుకాణానికి ఆ రోజు మామూలు వేళలు చెల్లవు. అదే రోజు రాజాం, పలాసల్లో అది మామూలు మంగళవారమే. రథసప్తమికి అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లే జనం అర్ధరాత్రి నుంచే శ్రీకాకుళం చేరుతారు, ఆ రద్దీతో విజయనగరానికి పనిలేదు. ప్రొఫైల్‌లో ఇలాంటి రోజుల కోసం ప్రత్యేక వేళలు అని వేరే గడి ఉంది. ఏ బ్రాంచి పండుగ ఆ బ్రాంచి మేనేజరుకే తెలుస్తుంది.

మావయ్య: అయితే నాలుగు తాళాలూ నలుగురు మేనేజర్ల చేతిలో పెట్టమంటావు. రేపు వాడు ఎదుటి కొట్లో చేరితే?

మేనల్లుడు: తాళం ఇవ్వొద్దు, పని ఇద్దాం. ప్రొఫైల్‌కి ఓనరు వేరు, మేనేజరు వేరు. నాలుగింటికీ ఓనరు మన దుకాణం మెయిలే. వేళలు మార్చడం, ఫోటో పెట్టడం, జవాబు రాయడం బ్రాంచి మేనేజరు చేస్తాడు. మానేసిన రోజున పేరు తీసేస్తే చాలు. పేరు, చిరునామా, ఫోను ఈ మూడూ మారాలంటే మాత్రం మనకు చెప్పి మార్చాలి.

మావయ్య: మరి నెలకింతని తీసుకుని అన్నీ తామే చూసుకుంటామని తిరుగుతున్నారే విశాఖ కుర్రాళ్లు, వాళ్లో?

మేనల్లుడు: వాళ్లకూ మేనేజరు హోదానే. వాళ్ల మెయిలుతో ప్రొఫైల్ తెరిస్తే మన బోర్డు వాళ్ల పేరు మీద రాసిచ్చినట్టే. తేడా వచ్చాక తిరిగి అడిగే పద్ధతి ఉంది గానీ, రుజువులు చూపించుకుంటూ రోజులు గడపాలి.

పది, అంతకు మించి దుకాణాలున్న వ్యాపారానికి గూగుల్ ఒక్కసారే ధ్రువీకరించుకునే వీలిస్తుంది. వివరాలన్నీ ఒక స్ప్రెడ్‌షీటులో నింపి, ఒక్కో దుకాణానికి ఒక కోడు ఇచ్చి ఎక్కించవచ్చు. నాలుగు దుకాణాలవారు వీడియోతోనో ఫోనుతోనో ఒక్కొక్కటీ విడిగా ధ్రువీకరించుకోవాలి. ఆ తరవాత నాలుగింటినీ ఒకే గుంపుగా పెట్టుకుని ఒకే తెర మీద చూసుకోవచ్చు.

పేరే మారిపోయినప్పుడు ఏం చేయాలన్నది బ్యాంకులను చూసి నేర్చుకోవాలి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకప్పటి శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో భాగమైంది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. గుమ్మం ఒకటే, ఇరవై ఏళ్లలో మూడు బోర్డులు. ఇలాంటప్పుడు పాత లిస్టింగ్‌లోనే పేరు మార్చాలి. పాతదాన్ని వదిలేసి కొత్తది తెరిస్తే ఒకే గుమ్మానికి రెండు పిన్నులు పడతాయి. పాత పేరుతో వెతికేవాళ్లు పాత ఫోను నంబరుకే చేస్తుంటారు. రివ్యూలు కూడా రెండుగా చీలిపోతాయి. దుకాణం పక్క వీధికి మారినా ఇదే పద్ధతి: ఉన్న ప్రొఫైల్‌లో చిరునామా మార్చాలి తప్ప కొత్తది పుట్టించకూడదు.

ఇంతవరకూ మావయ్య పక్షం వెనక్కి తగ్గుతూ వచ్చింది. రివ్యూల దగ్గర అలా కాదు.

మావయ్య: చీర రంగు దిగిందని ఎవడో రాస్తాడు. ఆ చీర మన దగ్గర కొన్నాడో లేదో ఎవరికి తెలుసు? ఎదుటి కొట్లో కుర్రాడే రాయొచ్చు. నా దగ్గర మూడు తరాలుగా కొంటున్నోళ్లు ఒక్క ముక్కా రాయరు. వాళ్లకి బాగోకపోతే నా మొహం మీదే చెప్తారు. ఆ స్టార్లు మనకొద్దని చెప్పీలేమా?

మేనల్లుడు: చెప్పలేం. ప్రొఫైల్ ఉంచుకుని రివ్యూలు ఆపేసే మీట దుకాణదారు చేతిలో లేదు. మనం ప్రొఫైల్ తెరవకపోయినా ఎవరో ఒకరు మన దుకాణాన్ని పటంలో చేర్చి రాయగలరు. మొహం మీద చెప్పేవాళ్ల మాట మీరు వింటున్నారు. చెప్పకుండా వెళ్లిపోయేవాళ్ల మాట ఇక్కడొక్కచోటే వినబడుతుంది.

మావయ్య: విని ఏటి చేస్తాం? ఆ స్టార్ల వల్ల అమ్మకం పెరిగిందని ఎవడైనా లెక్క తీసేడా?

మేనల్లుడు: తీశారు. హార్వర్డ్‌లో మైకేల్ లూకా 2011లో వెలువరించిన పరిశోధన ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో హోటళ్ల ఆదాయాన్నీ యెల్ప్ అనే రివ్యూల సైటులో వాటి స్టార్లనూ పోల్చి చూశాడు. ఒక స్టారు పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేలింది.

మావయ్య: అన్ని హోటళ్లకీనా?

మేనల్లుడు: కాదు. ఒంటరి హోటళ్లకే. ఊరూరా శాఖలున్న హోటళ్ల మీద ఆ ప్రభావం కనబడలేదు.

మావయ్య: చూసేవా! మనవి నాలుగు శాఖలు. మనకి నీ స్టార్లు అక్కర్లేదన్నమాట.

పైకి చూస్తే మావయ్య గెలిచినట్టే ఉంది. కానీ ఆ పరిశోధన చెప్పేది శాఖల సంఖ్య గురించి కాదు, ముందే తెలిసిన పేరు గురించి. దేశమంతా ఒకే రుచి పెట్టే హోటలు గుమ్మం తొక్కేవాడికి లోపల ఏముంటుందో ముందే తెలుసు, కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళంలో మూడు తరాల పేరున్న బట్టల దుకాణానికి శ్రీకాకుళంలో ఆ బలం ఉంది. అదే బోర్డు పలాసలో కట్టిన రోజున దానికి ఆ బలం లేదు. అక్కడది కొత్త దుకాణమే, ఒంటరి హోటలు లాంటిదే. పేరు పాకని ఊళ్లోనే రివ్యూలకు విలువ ఎక్కువ. నాలుగు బ్రాంచీల సగటు చూసుకుని తృప్తిపడే యజమాని చేసే తప్పు ఇదే. మూడు దుకాణాలకు 4.5, పలాస దుకాణానికి 3.2 వస్తే సగటు 4.2 దగ్గర తేలుతుంది. ఆ 4.2 ఏ ఊళ్లోనూ ఎవరికీ కనబడదు. పలాస మనిషి చూసేది 3.2 మాత్రమే. ఆ బ్రాంచిలో ఏదో తేడా ఉంది: ట్రయల్ రూము లేకపోవచ్చు, మార్పిడికి వచ్చినవాళ్లను కసురుకుంటూ ఉండవచ్చు. స్టారు కంటే కింద రాసిన రెండు ముక్కలే యజమానికి ముఖ్యం. అవే ఫిర్యాదులు ఒకే బ్రాంచిలో మళ్లీ మళ్లీ వస్తుంటే, రాసినవాడు ఎదుటి కొట్టువాడా అన్న అనుమానానికి చోటు తగ్గుతుంది.

మేనల్లుడు: పలాసలో బిల్లు కౌంటరు మీద క్యూఆర్ కోడు పెట్టి, రివ్యూ రాసినవాళ్లకు రెండు వందలు తగ్గిద్దామనుకుంటున్నాను.

మావయ్య: డబ్బిచ్చి పొగిడించుకోడం! మీ తాత వింటే ఏమనేవాడో. పొగిడినోడికి పైసలిచ్చే కొట్టుని నేనైతే నమ్మను.

ఈసారి నియమం మావయ్య వైపు ఉంది. రివ్యూ రాయమని అడగవచ్చు. అందుకు డబ్బు, తగ్గింపు, బహుమతి ఏదీ ఇవ్వకూడదు. సంతోషంగా ఉన్నవాళ్లను మాత్రమే ఏరి అడగడం, అసంతృప్తిగా ఉన్నవాళ్లను మరో దారికి మళ్లించడం కూడా గూగుల్ నిషేధించింది. దుకాణంలో పనిచేసేవాళ్లూ వాళ్ల బంధువులూ రాయడం, పక్క దుకాణం మీద చెడ్డగా రాయించడం సరేసరి. భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 పేరుతో ఆన్‌లైన్ రివ్యూలకు ప్రమాణం ప్రకటించింది. రివ్యూలను ఎలా సేకరించాలి, ఎలా వడకట్టాలి, ఎలా ప్రచురించాలి అన్నవి అందులో ఉన్నాయి. పాటించడం ఐచ్ఛికమే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నకిలీ రివ్యూల కొనుగోలు, అమ్మకాలను నిషేధిస్తూ చేసిన నియమం 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. క్యూఆర్ కోడు పెట్టుకోవచ్చు, రెండు వందల మాట మాత్రం తీసేయాలి.

తప్పుడు రివ్యూ వస్తే ఫిర్యాదు చేసే మార్గం ఉంది. బూతులు, బెదిరింపులు, దుకాణానికి సంబంధంలేని రాతలు, నకిలీవని తేలినవి తీసేస్తారు. ‘మాకు నచ్చలేదు’ అన్నది కారణం కాదు. చీర రంగు దిగిందా లేదా అన్న తగవును గూగుల్ తీర్చదు. అక్కడ దుకాణదారుకు మిగిలేది జవాబు ఒక్కటే.

మావయ్య: జవాబు ఆ విశాఖ కుర్రాళ్లే రాసేస్తారట, ‘మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని.

మేనల్లుడు: అది జవాబు కాదు మావయ్యా, స్టాంపు. పొందూరు ఖద్దరని చెప్పి మిల్లు బట్ట అంటగట్టారని ఒకాయన రాస్తే, దాని కింద ధన్యవాదాలు పెడితే ఒప్పుకున్నట్టే కదా.

పొందూరు ఖద్దరు ఉదాహరణ ఊరికే వచ్చింది కాదు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి నేసే ఆ బట్టకూ దాన్ని పోలిన మిల్లు బట్టకూ ధరలో చాలా తేడా ఉంటుంది. కనుక ఆ ఫిర్యాదు దుకాణం నిజాయితీ మీద. దానికి జవాబు ఆ బ్రాంచి నుంచే, బిల్లు చూసి రావాలి: సరుకు ఎక్కడి నుంచి తెచ్చారో ఒక వాక్యం, బిల్లుతో వస్తే ఏం చేస్తారో ఒక వాక్యం, మాట్లాడాల్సిన మనిషి ఫోను నంబరు. అంతకు మించి పొడిగిస్తే అది వాదన అవుతుంది. కొన్నవాడి వివరాలు, ఎంతకు కొన్నాడు, అరువు ఎంత ఉంది లాంటివి ఎంత కోపం వచ్చినా అక్కడ రాయకూడదు. ఆ జవాబు చదివేది ఫిర్యాదు చేసినవాడొక్కడే కాదు, రేపు కొనబోయే వందమంది.

భాష విషయంలో ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇచ్ఛాపురం, పలాస వైపు దుకాణాలకు ఒడిశా నుంచి కూడా కొనేవాళ్లు వస్తారు, ఒడియాలో రాస్తారు. తెలుగువాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. రాసినవాడు ఏ భాషలో రాశాడో ఆ భాషలో జవాబివ్వడం మర్యాద. గూగుల్ మ్యాప్స్ 2021 నుంచి పది భారతీయ భాషల్లో దుకాణాల పేర్లను తానే లిప్యంతరీకరణ చేసి చూపుతోంది. వాటిలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. యంత్రం రాసిన తెలుగు పేరు బోర్డు మీది పేరుతో కలవకపోతే దిద్దమని కోరవచ్చు.

మావయ్య: ఒకటి చెప్పు. రంగు దిగిన చీర మార్చిచ్చేం అనుకో. అప్పుడా రాసింది తీసీమని అడగొచ్చా?

మేనల్లుడు: మార్చి ఇచ్చాక వాళ్లంతట వాళ్లు దిద్దుకుంటే మంచిదే. ‘ముందు ఆ రివ్యూ తీసేయి, అప్పుడు చీర మారుస్తాం’ అంటే మాత్రం అది కూడా లంచం కిందే లెక్క. నియమాల్లో అదీ నిషేధమే.

మావయ్య: అడగను. మార్చిన సంగతి మన జవాబులో రాయిస్తాను. అదైనా ఒప్పుకుంటారు కదా.

మేనల్లుడు: దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

మిగిలింది మూసివేత. ఏదైనా ఒక బ్రాంచి నడవక మూసేస్తే చాలామంది ప్రొఫైల్‌ను తమ ఖాతాలోంచి తీసేసి ఊరుకుంటారు. అలా తీసేసినా పటం మీద పిన్ను ఉండిపోతుంది, దాన్ని నమ్మి జనం వస్తూనే ఉంటారు. తీసేయడానికి ముందే ‘శాశ్వతంగా మూసివేశారు’ అని గుర్తు పెట్టాలి. జస్ట్‌డయల్ లాంటి మిగతా చోట్ల కూడా అదే రోజు అదే మార్పు చేయాలి. ఫోను నంబరును దగ్గరలో ఉన్న మరో బ్రాంచికి మళ్లించి కొన్ని నెలలు ఉంచాలి.